పదో మనిషి

మా తాతయ్య కుట్టుకొట్టులో లెక్కకు తొమ్మిదిమందే పనివాళ్లు. కాజాలు కుట్టే ఆవిడ పదోది; చుట్టం కాకపోయినా నేను అత్తా అని పిలుస్తాను. పొద్దున్నుంచి సందె దాకా అక్కడే కూర్చుని కళ్లు పోగొట్టుకుంటుంది గానీ, కాగితాల్లో ఆవిడ లేదు. పదిమందుంటే వాళ్ల పింఛనుకు యజమాని కూడా వాటా కట్టాలి. తాతయ్యేమో పిల్లికి బిచ్చం పెట్టని మనిషి. చెవి మీద సుద్దముక్క, మెడలో టేపు, నోట్లో ఎప్పుడూ కసురు. పనివాళ్ల లెక్క చూడ్డానికొచ్చే ఆఫీసరు స్కూటరు చప్పుడైతే మాత్రం ఆ గొంతు పిల్లికూతైపోతుంది. అత్త సూది దాచేసి, బేరానికొచ్చినదానిలా ముందు బల్ల మీద కూర్చోవాలి.

మొన్నా అలాగే కూర్చుంది.

“ఏం కావాలమ్మా?” అన్నాడు తాతయ్య, ఎన్నడూ ఎరగనట్టు.

“మా ఆయనకి చొక్కా కుట్టాలండీ.”

ఆఫీసరు తలలు లెక్కపెట్టి పెదవి విరిచాడు. “పదిమందున్న కొట్లకి ఈ ఏడు పన్ను సగం మాఫీ చేశారండీ. పింఛను వాటా కట్టినా ఇంకా మీకే మిగిలేది. ఒక్క మనిషి తక్కువయ్యాడు, పాపం.”

తాతయ్య చెవి మీది సుద్ద కిందపడింది. “తక్కువేంటండీ! ఇదిగో, మా మనిషే! మా ఇంటి ఆడపడుచులాంటిది! చెప్పు తల్లీ!”

అప్పటిదాకా “ఒసేయ్” అన్న నోరే అది.

“నిజమేనా అమ్మా?” అన్నాడు ఆఫీసరు.

అత్త బల్ల మీంచి కదల్లేదు. “ముందు చొక్కా కుట్టమనండి బాబూ, అయ్యాక చెబుతా.”

ఏళ్ల తరబడి మిషను ముట్టని తాతయ్య చెమటలు కక్కుతూ తొక్కాడు. కాజాలు వంకరగా ఉన్నాయని అత్త విప్పించి, మళ్లీ కుట్టించింది.