రంగూను కాంతమ్మ మూగనోము

పాణ్యంలో ఆ సాయంత్రం హరికథ మొదలై అరగంట కూడా కాలేదు. నా భార్య కాంతమ్మ పై షడ్జం అందుకోబోయి ఆగింది. నోరు తెరిచే ఉంది, గొంతు రాలేదు. చేతిలో చిడతలు గట్టిగా మోగించి, రెండడుగులు చిందు వేసి, ఎలాగో ఆ చోటు దాటించింది. జనం చప్పట్లు కొట్టారు. నేను దినపత్రిక విలేకరిని. కథ వినడం కన్నా ముఖాలు చూడటం నాకు అలవాటు. ఆమె ముఖంలో అంతకుముందు ఎన్నడూ లేని భయం కనిపించింది.

కాంతమ్మ పుట్టింది రంగూనులో. పాణ్యం దగ్గరి పల్లె నుంచి బియ్యం మిల్లు పనికి పోయిన మనిషి ఆమె తండ్రి. ఆయన అక్కడే కన్నుమూశాడు. యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు తల్లి ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని అడవిదారిన నడిచి వచ్చింది. సామానంతా వదిలేసినా, ఆయన భజనల్లో వాడిన చిడతలు మాత్రం నడుముకు కట్టుకుని తెచ్చింది. పెద్దది కాంతమ్మ ఆ చిడతలతోనే బతుకు కట్టుకుంది. చిన్నది సుందరి రంగూనులో గొడుగుల మీద పూలు వేసేవాళ్ల దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకుంది. ఆళ్లగడ్డలో నాటకాల తెరలు వేసేది. ఆడవాళ్లకు ఇవేం పనులని వాళ్లను వెక్కిరించినవాళ్లే తర్వాత బండి కట్టుకుని మా నంద్యాల ఇంటికి పిలవడానికి వచ్చేవారు.

పాణ్యం నుంచి వచ్చాక కాంతమ్మ మిరియాల పాలు తాగింది. కరక్కాయ బుగ్గన పెట్టుకుంది. మూడు వారాలైనా గొంతులో బొంగురు తగ్గలేదు. నంద్యాల డాక్టరు, "ముందు చెస్ట్ ఎక్స్‌రే తీయించండి. టీబీ లేదని తేలాలి" అన్నారు. ఫిల్ము వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. గొంతు చూసేవాళ్లు కర్నూల్లో ఉన్నారంటే బయల్దేరాం. అప్పుడు కర్నూలే రాజధాని. బస్సు నిండా ఫైళ్లు ఒళ్లో పెట్టుకున్నవాళ్లే.

కర్నూలు డాక్టరు నుదుటికి అద్దం కట్టుకుని, చిన్న అద్దాన్ని స్పిరిట్ దీపం మీద వెచ్చజేసి, ఆమె నాలుకను గుడ్డతో పట్టుకుని, "ఈ... అనమ్మా" అన్నారు. చాలాసేపు చూశారు.

"వోకల్ కార్డ్స్, అంటే స్వరతంత్రుల మీద నాడ్యూల్స్, చిన్న బుడిపెలు. ఎదురెదురుగా రెండు, ఆవగింజలంత. క్యాన్సర్ కాదు. వాయిస్ రెస్ట్ కావాలి. నెల రోజులు మాట్లాడొద్దు. తగ్గకపోతే ఆపరేషన్."

"ఆపరేషన్ అయినాక పాడొచ్చా సార్?" అని నేనే అడిగాను.

"మాట్లాడగలదు. పాట సంగతి నేను హామీ ఇవ్వలేను."

తిరుగు బస్సులో కాంతమ్మ ఒళ్లోని చిడతల సంచిని వదల్లేదు.

ఆ నెల జరిగిన తప్పు నాదే. మాట్లాడొద్దు అన్నారు కదా, గుసగుసగా చెబితే ఏం పోయిందని నేనే సలహా ఇచ్చాను. ఇంట్లో ఇద్దరు శిష్యురాళ్లు పాఠానికి వచ్చేవారు. ఆమె వాళ్ల చెవిలో తాళం తప్పిన చోట్లు చెప్పేది. పక్కింటివాళ్లు పలకరిస్తే వాళ్ల చెవిలో జవాబు. మిగతాదంతా నా చెవిలో. నెల తిరిగాక గర్వంగా కర్నూలు తీసుకుపోయాను.

"మాట్లాడిందా?"

"ఒక్క మాట లేదు సార్. అన్నీ గుసగుసే."

డాక్టరు అద్దం కింద పెట్టారు. "ఎవరు చెప్పారు గుసగుసలాడమని?"

"నేనే సార్."

"పేపరుకు రాసేవారు కదా, నేను చెప్పింది రాసుకున్నారా?" నోట్‌బుక్ చూపించాను. "దాని కింద ఇది కూడా రాసుకోండి. గుసగుసలో కార్డ్స్ ఇంకా బిగుసుకుంటాయి. నాడ్యూల్స్ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఇంకో నలభై రోజులు చూస్తాను, తర్వాత ఆపరేషనే."

బయటికి రాగానే కాంతమ్మ నా పెన్ను లాక్కుని అదే పేజీలో రాసింది: "ఇంక నీ చెవి నాకొద్దు."

ఇంటికొచ్చాక మా అమ్మ ఒక్క మాటతో దారి చూపింది. "జబ్బని చెప్తే ఊరంతా పలకరిస్తాది. నోమని చెప్పు, ఎవరూ నోరు తెరిపించరు."

దీపాల వేళ కాసేపు మాట్లాడకుండా ఉండే మూగనోము మా వైపు ఆడవాళ్లకు తెలిసిందే. కాంతమ్మ పసుపు రాసుకుని, దేవుడికి మొక్కి, పొద్దంతా పట్టింది. పక్కింటి నారాయణమ్మ అరుగు మీద అమ్మను నిలదీసింది.

"ఏందత్తా, దీపాల యాళ పట్టే నోము గదా అది. మీ కోడలు కోడి కూసినప్పట్నుంచే పట్టిందే?"

"రంగూను లెక్క అట్లుంటాది లేమ్మా."

"మా కోడలికీ పట్టించకూడదా అత్తా, పుణ్యముంటాది."

కాంతమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే గొంతు కదులుతుందని పైట నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది. ఆ తర్వాత ఆమెతో ఎవరూ మాట కలపలేదు.

ఒక పలక కొన్నాం. మొదట దాని మీద ఉప్పు, చింతపండు అని రాసేది. పదో రోజుకు పద్యం పాదాలు రావడం మొదలైంది. అప్పటిదాకా ఆమె పాడినవన్నీ ఇతరులు రాసిన కథలే. ఇప్పుడు తన తల్లితో నడిచి వచ్చిన అడవిదారిని రాస్తోంది. తుడిచేలోపు నేను నోట్‌బుక్‌లోకి ఎత్తిరాసుకునేవాణ్ణి. సుందరి ఆళ్లగడ్డ నుంచి వచ్చి చదివి, "అక్కా, ఇది నాకు ఇయ్యి, ఏనుగును గూడా పెట్టి తెర ఏస్తా" అంది. కాంతమ్మ పలక మీద రాసింది: "ఏనుగు వద్దు. మనకు కనపడలేదు."

"కనపడకుంటే ఏమక్కా, ఆళ్లగడ్డోళ్లకు ఏనుగు లేకుంటే అది అడివే గాదు."

నలభై ఒకటో రోజు కర్నూలు అద్దంలో ఆవగింజలు లేవు. "చాలా చక్కగా ఉంది. కానీ శ్రుతి దించాలి. మైకు లేనిదే పాడొద్దు. ఇన్నాళ్లూ నాటకాల మగవాళ్లంత హెచ్చు శ్రుతిలో అరిచారమ్మా మీరు" అన్నారు డాక్టరు. కాంతమ్మ మొదటి మాట, "మంచిది సార్." ఆ రెండు మాటలకే నాకు కళ్లద్దాలు మసకబారాయి.

రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టింది. నోముకు ఉద్యాపన చేయాలని నారాయణమ్మ పట్టుబట్టింది. అట్లా ఆళ్లగడ్డలో, సుందరి తెర ముందు, సాయంత్రం పూట కొత్త కథ పెట్టాం. మా వీధి ఆడవాళ్లు పసుపు కుంకుమలతో బస్సెక్కి వచ్చారు. తెర మీద ఏనుగు ఉంది, చిన్నది, చెట్ల చాటున.

హార్మోనియం ఒక మెట్టు దించి పట్టారు. పాణ్యంలో ఆగిన చోటు లాంటిదే ఈ కథలోనూ ఒకటి వచ్చింది. అడవిలో దప్పికతో ఏడుస్తున్న పిల్లలతో తల్లి, "మాటలొద్దు, నడవండి" అనే చోటు. ఆమె పైకి పోలేదు. చిడతలు ఆపి, కింది స్థాయిలో, మామూలుగా మాట్లాడినంత మెల్లగా పాడింది. నా ముందు వరుసలో నారాయణమ్మ కళ్లు తుడుచుకుని పక్కామెతో అంది: "నోము ఫలించిందే."

ఇప్పుడు కాంతమ్మ నెలకు నాలుగు కథలకు మించి ఒప్పుకోదు. ప్రతి శుక్రవారం దీపాలు పెట్టేదాకా మాట్లాడదు. నాడ్యూల్స్ మళ్లీ రాలేదు. శిష్యురాళ్లు ఆరుగురయ్యారు. అందరి చేతా పలకలు కొనిపించింది.

పాఠకులకు చెప్పదలిచింది ఒక్కటే. బొంగురు మూడు వారాలు దాటితే గొంతు డాక్టరుకు చూపించండి. మాట్లాడొద్దని చెబితే గుసగుస కూడా వద్దు, ఒక పలక కొనుక్కోండి. ఈరోజు శుక్రవారం. ఇదంతా చదివి ఆమె పలక నా ముందు పెట్టింది: "గుసగుస సలహా నీదేనని రాసినావు, సంతోషం. ఏనుగు నిజంగా లేదని కూడా రాయి."