చారు వద్దన్న కొడుకు

ఇందుమూలంగా మన ఊరి గ్రూప్ సభ్యులందరికీ తెలియజేయడమేమనగా, నేటి నుంచి గులాబీల గుడ్ మార్నింగ్‌లూ, ఫార్వర్డ్ కషాయాలూ నిషేధం. అతిక్రమించిన వారు పేరు పెట్టి తిట్టబడుదురు.

నిన్న ఈ ప్రకటన టైప్ చేస్తుంటే ఫోన్ మోగింది. నా చిన్ననాటి నేస్తం ప్రభాకరం కూతురు.

"బాబాయ్, నాన్న పోయారు. గుండె."

ప్రకటన పంపకుండా పక్కన పెట్టాను.

నిన్నటి నుంచి గ్రూప్‌లో "మన ఊరి గర్వం" అని దండాలే దండాలు. ఎప్పటి నుంచి గర్వం?

కుర్రాళ్ళకు తెలియదు, చెబుతాను.

పందొమ్మిది వందల అరవైల చివర్లో వాడు మద్రాసులో కంప్యూటర్‌తో గుండెకు లెక్కలు కట్టేవాడు. అట్టముక్కలకు చిల్లులు కొట్టి, గదంత మిషన్‌కు తినిపించేవాడు. చెడిపోయే గుండె తిండి లేక కాదు, ఉన్న తిండిని బలంగా మార్చుకోలేక అలిసిపోతుందని వాడి లెక్క.

పదో తరగతి తప్పిన నాకే అర్థమైంది. పొయ్యిలో కట్టెలున్నాయి, మంట లేదు.

అప్పుడే వాళ్ళ నాయన, మన ఊరి క్రైస్తవ మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పే దేవదానం అయివారు మంచాన పడ్డారు. కాళ్ళు వాచాయి, ఆయాసం. ఉప్పు ముట్టొద్దన్నాడు డాక్టర్.

మన ఊరు వింటుందా? ఆదివారం ఆరాధన కాగానే క్యారియర్లతో దిగింది. ముందు సారమ్మ పెద్దమ్మ, ఎముకల చారుతో.

ప్రభాకరం గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"వద్దు పెద్దమ్మా. ఉప్పుతో ఒంట్లో నీరు చేరతాది. ఆ గుండె ఉన్నదాన్నే వాడుకోలేకుండా ఉండాది."

"మిషన్ చెప్పినాదా? మీ నాయన ఎముకలు తేలినాడు రా! కన్నతండ్రి నోటికాడ కూడు తీస్తావా?"

"ఆ మిషన్‌కి కూడా ఒక గిన్నె పొయ్యి పెద్దమ్మా, బుద్ధొస్తాది," అన్నాను నేను. అందరూ నవ్వారు. వాడు తప్ప.

అయివారు పోయారు. చారు తాగినా పోయేవారే. కానీ సమాధి మీద మట్టి ఆరకముందే ఊరు తీర్పు చెప్పేసింది: "నాయన్ని ఆకలితో చంపినాడు."

వాడు మళ్ళీ ఊరికి రాలేదు. క్రిస్మస్‌కు కూడా.

నేనే మద్రాసు వెళ్ళి చెప్పాను. "పోయే ముందు మీ నాయన నాతో ఒక మాటన్నాడు రా. 'మావోడు చేసింది నా మంచికే. వాణ్ణి ఎవురూ ఏమీ అనొద్దు.'"

వాడు గోడవైపు తిరిగి ఏడ్చాడు. తర్వాత ఎప్పుడు కలిసినా అడిగేవాడు. "నాయనేమన్నాడో ఇంకోసారి చెప్పు రా."

చెప్పేవాణ్ణి. ముసలాళ్ళమయ్యాక కూడా చెప్పాను.

చివరికి వాడికీ అదే జబ్బు. ఉప్పు లేని గంజి తాగుతూ ఒక్కసారి కూడా విసుక్కోలేదట.

దండాలు పెడుతున్న పెద్దమనుషుల్లారా, మీలో ఎవరైనా ఒక్కరు, వాడు బతికుండగా ఒక ఫోన్ చేసి "నీ తప్పు లేదురా" అని ఉంటే మీ వేళ్ళు అరిగేవా?

పోయిరా ప్రభాకరం. అక్కడైనా ఎవరికీ జవాబు చెప్పుకోకుండా హాయిగా నిద్రపో.

ఇక ఇది వాడు చదవడు కాబట్టి రాస్తున్నాను. అయివారు ఆ మాట అనలేదు. నేను పుట్టించాను.

చివరిరోజు ఆయన నన్నడిగింది చారు.