బక్కెట్టు కింద వాన

తాలూకా ఆఫీసులు ఉన్న రోజుల మాట. రావులపాలేనికి దగ్గర్లో మా చేను. ఆ ఏడు రేడియోలో వాతావరణం పొడిగా ఉంటుందన్నారు. నమ్మి వరి కోయించాను. మా వైపు కోసిన పైరును వెంటనే కుప్ప వెయ్యరు. పనలుగా పరిచి మూడు నాలుగు రోజులు చేలోనే ఎండనిస్తారు. రెండో రోజునే ముసురు పట్టింది. వారం వదల్లేదు. పనలు నీళ్ళలో తేలాయి. గింజలు మొలకెత్తాయి.

వాన వెలిసిన మర్నాడు, ఆ కంకులు తువ్వాలులో మూటగట్టుకుని శిస్తు మాఫీ అడగడానికి ఆఫీసుకు వెళ్ళాను. గుమస్తాగారు రిజిస్టరు తిప్పి నన్ను ఎగాదిగా చూశారు.

"వానేంటండీ? వారమంతా ఇక్కడ సున్నాయే ఉంది."

"మరి ఇవేంటండీ? ఇంట్లో బానలో నానబెట్టి తెచ్చానా?"

"ఏమోనండి. పడని వానకి మాఫీ రాస్తే నా ఉద్యోగం పోద్దండి."

ఆయన గొడుగు మూలన ఇంకా తడి ఆరకుండానే ఉంది!

ఆఫీసు వెనక వాన కొలిచే డబ్బా ఉంటుందని తెలిసి వెళ్ళి చూశాను. దాని మీద బక్కెట్టు బోర్లించి, పైన ఇటుక పెట్టి ఉంది. కొలత తీసే బంట్రోతును పిలిచి అడిగాను.

"ఆయ్, అడుగు తుప్పట్టిందండి. కొత్తది అడిగితే డబ్బుల్లేవన్నారండి. ఇది పూర్తిగా పాడైతే నా జీతంలో పట్టుకుంటారంటండి. అందుకే వానొస్తే మూసేస్తానండి."

"ఎన్నాళ్ళబట్టి?"

"మూడేళ్ళవుద్దండి."

మూడేళ్ళు! ఆ సున్నాలన్నీ వాతావరణ శాఖకు వెళ్ళాయి. ఇలాంటి లెక్కలు చూసుకునే కదా వాళ్ళు రేపటి సంగతి చెప్పాలి! నేను బడికి వెళ్ళి చదివినవాణ్ణి కాను, ఒప్పుకుంటాను. కానీ ఒక్క రేకు డబ్బాకు డబ్బివ్వని సర్కారుకు ఆ శాఖ దేనికో, ఏ చదువుకున్నవాడూ నాకు ఇప్పటిదాకా చెప్పలేదు.

అంతలో చినుకులు మొదలయ్యాయి. ఇటుక తోసేసి బక్కెట్టు తీసేశాను.

"బాబ్బాబూ, మూసెయ్యండి, తడిసిపోద్ది!" అని బంట్రోతు మొత్తుకున్నాడు.

జల్లు ఆగేదాకా అక్కడే నిలబడి, వాడిచేత కొలిపించి, రిజిస్టరులో రాయించాకే కదిలాను. మూడేళ్ళలో అదొక్కటే ఆ తాలూకాలో కురిసిన వాన. నా పంటను ముంచిన వాన మాత్రం కాగితం మీద పడనే లేదు. ఆ ఏడు పూర్తి శిస్తు కట్టాను.