జానెడు జరిగిన గీత

దయ్యాల కథలు చెబితే నవ్వేవాణ్ణి. చీకట్లో ఒంటరిగా వెళ్లమంటే మాత్రం వెళ్లేవాణ్ణి కాదు. అది నమ్మకం కాదు, పిరికితనం.

ఎనభైల చివర విశాఖలో ఒక ఇంజనీరుగారి ఆఫీసులో ప్లాన్లు గీసేవాణ్ణి. కొత్తగా కంప్యూటరు వచ్చింది. గీతలు గీసుకుని బతికేవాడి నుదుటి గీత ఇక మారుతుందనుకున్నాను.

అప్పుడే మా నర్సీపట్నం చర్చి కమిటీ సమాధుల తోటకు ప్లాను గీసిమ్మంది, చుట్టూ గోడ కట్టడానికి. మాలో భార్యాభర్తలు పక్కపక్కనే ఉండాలని చోటు ముందే అట్టే పెట్టుకుంటారు. అప్పటికే పోయిన అమ్మ కుడి పక్కన నాన్న చోటు, దాని అంచునే గోడ రావాలి. చోటు చాలకపోతే కమిటీ రద్దు చేసేస్తుంది.

నాన్నా నేనూ టేపు పట్టి సమాధి రాళ్లన్నీ కొలిచాం. కొలతలు ఎక్కిస్తే తెర మీద సమాధులు వంకరటింకరగా వచ్చాయి. లెక్కంతా ఊరికి చాలా దూరంలో ఉన్న సర్వే రాయి నుంచి. అంకె మరీ పెద్దదైతే యంత్రం దాని తోకను, అంటే చివరి అంకెలను, మింగేస్తుందన్నారు ఇంజనీరుగారు. లెక్క మొదలయ్యే మూలబిందువును తోట గేటు దగ్గరికి మార్చాను. అన్నీ బుద్ధిగా సర్దుకున్నాయి, అమ్మది తప్ప.

అమ్మది జానెడు కుడికి జరిగి ఉంది. మళ్లీ ఎక్కించాను. ఇంజనీరుగారు స్వయంగా కూర్చుని ఎక్కించారు. అంకెలు సరైనవే. గీత మాత్రం అక్కడే.

కాగితం చూసి నాన్న నవ్వారు. "పెళ్లయిన కాణ్ణుంచీ మీ యమ్మ నా మంచం మీదకి జరుగుతానే ఉందిరా. ఇప్పుడేటి కొత్త?" అంతలోనే గొంతు తగ్గించారు. "కమిటీవోళ్లు సూస్తే నా సోటు పోద్ది. టేపు ప్రకారం గీసీ, బేగి."

ట్రేసింగు కాగితం మీద ఆ గీతను బ్లేడుతో గీకేసి, టేపు చెప్పిన చోట ఇంకుతో గీశాను. కమిటీ ఒప్పుకుంది. గోడ లేచింది.

తర్వాతి వానాకాలం నాన్న పోయారు. ఆయన గొయ్యి తవ్వుతుంటే గునపం చెక్కకు తగిలింది. తవ్వుతున్న ఏసుదాసు తలెత్తి చూశాడు.

"అమ్మగారి పెట్టేనండీ. ఇటు జానెడు వొచ్చీసింది. ఏటి సేద్దారండీ?"

అవతలికి జరుగుదామంటే గోడ పునాది. గొయ్యి పూడ్చేశాం. నాన్నను గేటు దగ్గర, నేను మూలబిందువు పెట్టిన చోటుకు పక్కనే పాతిపెట్టాం. ఆ గీతను ఉండనిస్తే, గోడను జానెడు అవతల కట్టమని బతిమాలేవాళ్లమేమో.

అమ్మ సమాధి రాయి పెట్టెకు సూటిగా లేకపోవడం అర్థమవుతుంది. అమ్మ పోయిన ఏడాదికి, మట్టి కుంగాక వేయించాం. మేస్త్రి గుర్తు తప్పి ఉంటాడు. కానీ మేం యంత్రానికి చెప్పింది ఆ రాయి కొలతలే. మట్టి కింద పెట్టె ఎక్కడుందో మాకే తెలియదు. యంత్రానికెవరు చెప్పారు?

ఆ కాగితం దాచుకున్నాను. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గీకిన గీత ఇంకా కనిపిస్తుంది. అమ్మ నాన్న వైపు జరిగే ఉంది. అక్కడ ఎవరూ లేరు.