జాలరిపేటలో నా మంగళవారాలు

నన్ను లెక్చరర్‌ని చేసిన పరిశోధన పిల్లలకు మాటలు ఎలా వస్తాయన్నది. డెబ్బైల చివర్లో ప్రతి మంగళవారం జాలరిపేటలో ఆరిళ్లకు టేప్‌రికార్డర్ మోసుకుని తిరిగేదాన్ని. ఇంటికో పిల్ల, పిల్లకో అరగంట. మా గైడు గారిది ఒకటే నియమం: చూడు, రాసుకో, జోక్యం చేసుకోకు. ఆయన మాట నాకు వేదవాక్కు.

ఆరుగురిలో ఒక పిల్లంటే నాకు ప్రాణం. ఏడాదిన్నరకే వాగుడుకాయ. వాళ్లమ్మ గంప దించగానే "అమ్మా, సేప! పెద్ద సేప!" అని ఎగిరేది. ఆ టేపు డిపార్ట్‌మెంట్లో అందరికీ వినిపించి మురిసిపోయాను.

రెండేళ్లు నిండాక ఆ పిల్లకు గట్టిగా జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ రెండు చెవులూ కారడం మొదలైంది. వాళ్లమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు పోసేది. కొత్త మాటలు రాలేదు, ఉన్నవీ ముద్దగా అయిపోయాయి. వెనకనుంచి పిలిస్తే తిరిగి చూసేది కాదు. నాకు తెలియలేదా? భేషుగ్గా తెలుసు! తేదీలతో సహా నోట్‌బుక్కులో రాసుకున్నాను. పెద్దాసుపత్రి రిక్షా దూరం. తీసుకెళ్లమని ఒక్క మాట చెబితే నా నోటి ముత్యాలు రాలిపోయేవి కాబోలు!

ఎనిమిది నెలలు అలాగే రాశాను. మామూలుగా ఎదగని పిల్ల మన పనికి రాదు, తీసెయ్యమన్నారు గైడు గారు. తీసేశాను. ఇక రానని చెప్పడానికి ఆఖరిసారి వెళ్లాను. వాళ్లమ్మ వాకిట్లో ఎండు చేపలు తిరగేస్తోంది. పిల్ల నన్ను చూసి నవ్వింది, అంతే. నాకు ఉండబట్టలేదు.

"చెవులు డాక్టరుకి చూపించలేదా?" అన్నాను.

ఆమె తెల్లబోయింది. "అదేటమ్మా! మా అత్త సూపించమనే అంది. నానే వద్దన్నాను. వారం వారం మీరొచ్చి మిసను పెట్టి సూత్తన్నారు గదా, ఏటైనా ఉంటే మీరే సెప్తారని ఊరుకున్నాను."

మర్నాడు పొద్దున్నే ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. చెవుల లోపలంతా పుచ్చిపోయిందన్నాడు డాక్టరు. వినికిడి ఇక రాదట, మొదట్లోనే తెస్తే నిలబెట్టేవాళ్లట.

"ఇన్నాళ్లూ గాడిదలు కాస్తున్నావా?" అని తల్లిమీద విరుచుకుపడ్డాడు.

ఆమె నావైపు చూడనైనా చూడలేదు. పిల్లను చంకలోకి ఎత్తుకుంది. "తప్పు నాదే బాబూ, నాకు తెలవలేదు" అంది.

ఆ మాట అనాల్సినదాన్ని నేను. పక్కనే నిలబడి ఆమెను అననిచ్చాను.