మూపురం చూసి చెప్పిన మాట

నేను పెద్దగా చదువుకోలేదు. గొడ్ల సంగతి మాత్రం ఒకడు నాకు చెప్పనక్కర్లేదనుకునేవాణ్ణి. ఎనభైల మొదట్లో ఒక నవంబరులో ఆ పొగరే నన్ను రే అనే రైతు దగ్గరికి రెండోసారి తీసుకెళ్లింది. అమెరికాలో మా మేనల్లుడు రవి ఇంట్లో ఉన్న రోజులవి. రవి ఆఫీసులో పనిచేసే అతనికి అన్న ఈ రే. బైసన్ అనే అక్కడి అడవిదున్నకూ ఇంటి ఆవుకూ కలిపి పుట్టించిన పశువుల్ని పెంచేవాడు. వాటిని అక్కడ బీఫలో అంటారు. వాటిలో కొన్ని మగవాటికి దూడల్ని పుట్టించే శక్తి ఉండదట. అందుకని వేసవిలో నేను మొదటిసారి వెళ్లినప్పుడు, కొత్తగా కొన్న ఆబోతును డాక్టరుకు చూపించాలా అని అడిగాడు. నేను దాని మూపురం మీద చెయ్యి వేసి, ఒంగోలు గిత్తల మధ్య పెరిగినవాణ్ణి, ఇంత మూపురమున్నదానికి పరీక్షేంటని నవ్వాను. రే నమ్మాడు. నవంబరులో ఫోన్ వచ్చింది. పదకొండు ఆవుల్లో ఒక్కటీ చూడి కట్టలేదు. చలికాలమంతా ఊరికే మేపలేక శనివారం అమ్మేస్తున్నాడు.

"ఫోన్‌లో సారీ చెప్తే చాలు కదా మామయ్యా, అంత దూరం డ్రైవ్ చేయాలా?" అన్నాడు రవి.

"చెయ్యి వేసింది ఫోన్‌లో కాదు గదరా."

రవి ఉండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆ శనివారం పొద్దున ఆరింటికి బయలుదేరాం. ల్యాన్సింగ్ దాకా వెళ్లి ఉత్తరానికి తిరగాలి, మొత్తం రెండున్నర గంటలు. రానుపోను పెట్రోలుకు ఇరవై డాలర్లయింది. మనం తినే తిండి దారిలో దొరకదు, పులిహోర కార్లోనే తిన్నాం. చివరి నాలుగు మైళ్లు మట్టిరోడ్డు, వానకు బురదబురదగా ఉంది.

మేం వెళ్లేసరికే లారీ వచ్చి ఉంది. రే కాఫీ ఇచ్చాడు, తిట్టలేదు. పరీక్ష చేయించి ఉంటే ఇంకో ఆబోతును తెచ్చుకునేవాణ్ణని మాత్రం అన్నాడని రవి చెప్పాడు. తప్పంతా నాదేనని రేకు విడమరిచి చెప్పమని రవితో అన్నాను. నేను అంత పొడుగు చెబితే రవి రెండు ముక్కల్లో తేల్చేశాడు, పెద్దవాడి పరువు కాపాడదామని. నాకు ఇంగ్లీషు రాదు గానీ పొడుగూ పొట్టీ తెలుస్తాయి. గుండె మీద చెయ్యి పెట్టుకుని నేనే అన్నాను.

"బుల్ బ్యాడ్. ఐ సే గుడ్. మై ఫాల్ట్."

రే లారీ వైపు చెయ్యి చూపించి ఏదో అన్నాడు.

"లారీవాళ్ల అరుపులకు ఆవులు బెదురుతున్నాయంట మామయ్యా. నువ్వు ఎక్కించగలవా అంటున్నాడు."

మెడ నిమిరి, దా, దా అంటూ పదకొండింటినీ నేనే లారీ ఎక్కించాను. ఒక్కటైనా మొరాయిస్తే బాగుండేది.

తిరుగు దారిలో రెండు మూపురాల తేడా ఆలోచించుకున్నాను. ఒంగోలు గిత్త మూపురం కండ. బైసన్ పోలిక వచ్చిన ఆబోతుకు ఎముకే భుజం దగ్గర లేచి ఉంటుంది, దాన్ని బట్టి దూడల్ని పుట్టిస్తుందో లేదో చెప్పలేం. చెయ్యి వేసినా నాకు తేడా తెలియలేదు, ఎందుకంటే ఆ వేసవిలో నేను చూసింది మా ఊరి గిత్తనే. మీరెవరైనా ఇలాంటి పశువుల్ని కొనడానికి వెళితే, ముందు ఆబోతుకు పుట్టిన దూడల్ని చూపించమనండి. దూడలు లేకపోతే డాక్టరును పిలవండి, నాలాంటివాణ్ణి పిలవకండి.