పది లియాంగుల వెండిలోంచి పాపకి ఒక తాళం

చైనా అమ్మాయి మే, నేను ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం. కాన్పయిన కొద్ది వారాలకే తను చనిపోయింది. పాప మొదటి పుట్టినరోజు దగ్గరపడుతుంటే మే వాళ్లమ్మ లిన్ ఆంటీ ఫోన్ చేశారు. "చైనాటౌన్‌కి నాతో వస్తావా లక్ష్మీ? ఒక్కదాన్నే వెళ్లలేను." అలా మొదలైంది ఈ శాన్‌ఫ్రాన్సిస్కో ప్రయాణం.

కార్‌లో వెళితే పార్కింగ్ దొరకదని ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కాం. గంట లోపే మాంట్‌గోమరీ స్టేషన్‌లో దిగాం. ఇద్దరికీ రానూపోనూ ముప్ఫై డాలర్లు దాటలేదు. రైల్లో ఆంటీ చేతిరుమాలు మూట విప్పారు. లోపల పడవ ఆకారంలో నల్లబడిన వెండి ముద్ద. ఒకప్పుడు చైనాలో ఇదే డబ్బట, తూచి ఇచ్చేవారట. ఆ తూకం పేరు లియాంగ్, మన తులాల్లో మూడుకు పైనే. పదహారు లియాంగులైతే ఒక జిన్. "ఇది పది లియాంగుల ముద్ద. మా నాయనమ్మది. మే కోసం దాచాను," అన్నారు.

స్టేషన్ నుంచి నడక కొద్దిదూరమే గానీ అంతా ఎత్తు. ఆగి ఆగి వెళ్లాం. నగల కొట్టులోని పెద్దాయన ముద్దను తూచి, "పదికి తక్కువుంది" అంటూ ఒక అంచున పాత గాటు చూపించారు.

"యుద్ధం రోజుల్లో బియ్యం కోసం నాయనమ్మ ఉలితో కొట్టించింది," అన్నారు ఆంటీ. "ఇప్పుడు నా మనవరాలికి మెళ్లో వేసే తాళం బిళ్ల చేయాలి. పిల్లలకి ఆయుష్షు కోసం వేస్తాం కదా, అది."

"పాత ముద్రలున్నాయి మేడమ్, కట్ చేస్తే వాల్యూ పోతుంది. తాళం కొత్త వెండితో చేసిస్తాను, దీన్ని ఇలాగే ఉంచుకోండి."

ఆంటీ ముద్ద మీది పాత గాటును వేలితో తడిమారు. తర్వాత అన్నారు: "నాయనమ్మ బతికున్నవాళ్ల కోసం కొట్టించింది. నేనూ అందుకే వచ్చాను. ఒక లియాంగ్ తియ్యండి."

ఆయన ఉలి పెట్టారు. ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. సుత్తి దెబ్బ పడ్డ ప్రతిసారీ ఆ పట్టు బిగిసింది.

బయటికొచ్చాక ఫుట్‌పాత్ మీదే నిలబడి ఏడ్చారు. జనం మమ్మల్ని తప్పించుకుని వెళ్లారు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "పాప పేరు చెక్కమని చెప్పలేదు, పద," అని మళ్లీ లోపలికి నడిచారు.

ఆ రోజు నేను పక్కన నిలబడ్డాను, అంతే. మే పోయినప్పటినుంచీ ఆంటీకి ఏం చెప్పాలో తెలియక వాళ్లింటికి వెళ్లడం తగ్గించాను. చెప్పడానికి మాటలేవీ అక్కర్లేదని ఆ కొట్టులో అర్థమైంది.

పాత వెండి తీసుకెళ్లేవాళ్లకి ఒక్క మాట: కరిగించాలా, కోయించాలా, అలాగే ఉంచాలా అన్నది ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. కొట్టులో నిలబడి తేల్చుకోవడం చాలా కష్టం.